ఏం తిన్నారని అడిగిన డాక్టరమ్మ

ఐటీ ఆఫీసులో అద్దాలు తుడిచే ఈరమ్మ ఎనభై ఎనిమిది కిలోల బరువుంది. తిండి తగ్గించమని ఎవరు చెప్పినా సిగ్గుతో తలవంచుకునేది. మోకాళ్ల నొప్పులతో పుప్పాలగూడలోని బస్తీ దవాఖానకు వెళితే, డాక్టర్ వాసంతి బరువు చూసి, "నిన్న ఏమేం తిన్నారండి?" అని అడిగింది.

"పొద్దుగాల చాయ్, బిస్కెట్లు. పగటిపూట మీటింగుల్ల మిగిలిన సమోసాలు. రాత్రికి ఇంత అన్నం, పచ్చిపులుసు. పప్పు, కూర పిల్లలకే సాలవు డాక్టరమ్మా."

"మీరు ఎక్కువ తినడం లేదండి. బిస్కెట్లు, సమోసాలతో బరువు పెరుగుతోంది కానీ, ఒంటికి కావలసిన పప్పు, కూరలే మీకు అందడం లేదు."

ఈరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు ఆఫీసు క్యాంటీన్లో వంట చేసే పుణ్యవతికి ఆ మాట చెప్పింది. "నాతో ముందే అనొచ్చుగా" అని నొచ్చుకున్న పుణ్యవతి, మేనేజరును ఒప్పించి, రోజూ వంట కాగానే ఆమెకు పప్పు, ఆకుకూర తీసిపెట్టడం మొదలుపెట్టింది.

మూడు నెలల్లో తగ్గింది నాలుగు కిలోలే అయినా, మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయి. ఈరమ్మ ఆ సంగతి, పుణ్యవతి చేస్తున్న సాయం చెప్పడానికే దవాఖానకు వెళ్లింది.

"అదంతా పుణ్యవతిగారి చలవేనండి. నేను అడిగానంతే" అంది వాసంతి.

"ఏం తిన్నవని ఇన్నేండ్లల్ల నన్నెవరడిగిన్రు బిడ్డా? నువ్వు సల్లగుండాలె."