నైరుతి మూల ఓనరు

చిక్‌పేటలోని జరీ అంగడి కొడుక్కి అప్పజెప్పి ఓబళప్ప ఇంటిపట్టున కూర్చోగానే హాల్లోకి సముద్రం వచ్చింది. ఎనిమిదడుగుల గాజు తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళను తిప్పడానికి రెండు మోటార్లు. అందులోకి అరచేతంత పసుపు రంగు టాంగు చేపలు ఐదు కావాలన్నాడాయన. పసుపు శుభం, ఐదు అంతకంటే శుభం.

చేపలంగడి హరి అప్పుడే చెప్పాడు. "అన్నా, ఇవన్నీ ఒకే జాతి. దాయాదుల మాదిరి, ఒకటంటే ఇంకోదానికి పడదు. ఐదింటినీ ఒకే దినం వదలాల. ముందుపోయింది తొట్టంతా నాదే అనుకుంటాది."

ఎంత చెప్పినా ఓబళప్ప ఒప్పుకోలేదప్పా. హరి దగ్గరికి అప్పటికి వచ్చింది ఒక్క చేపే, తెల్లారితే ఆషాఢం. ఆషాఢంలో ఎవరైనా కొత్తింట్లో చేరతారా? ఆయన బిల్డింగులోకి అద్దెకొచ్చేవాళ్ళే శ్రావణం దాకా ఆగుతారు. అలాగని కట్టిన ఇల్లు ఖాళీగా ఉంచకూడదు. అందుకని ఆ సాయంత్రమే ఒక్క చేపతో గృహప్రవేశం కానిచ్చి, తక్కిన నాలుగూ వచ్చాక శ్రావణం దాకా హరి దగ్గరే ఉంచాడు. రాళ్ళు కూడా వాస్తు ప్రకారమే పేర్చాడు. బరువంతా నైరుతిలో ఒకే గుట్ట, ఈశాన్యం ఖాళీ.

నెల్లాళ్ళు ఒక్కటే ఏలిన ఆ చేపకు ఆయన భార్య సుశీల 'ఓనరు' అని పేరు పెట్టింది. శ్రావణ శుక్రవారం నాలుగు చేపలూ దిగాయి. పది నిమిషాల్లో ఓనరు తోక జాడించింది. ఉత్త తోకైతే పోనీలే అనుకోవచ్చు, దాని మొదట్లో చాకులాంటి ముల్లుంటుంది. మూడు చేపలు మోటారు వెనక్కి తోక ముడిచాయి. అన్నిటికంటే చిన్నది, చిన్నక్క, రెక్క చిరిగి ఈశాన్యం మూలన అద్దానికి అతుక్కుపోయింది.

ఆదివారం వచ్చినా అది మెతుకు ముట్టలేదు. హరి ఫోన్లో, "ఇంకో దినం తినకుంటే దక్కదన్నా" అన్నాడు.

సుశీల ఉప్మాలోకి బీన్సు తుంచుతూ తొట్టికేసి చూసింది. "అద్దెకొచ్చేవాళ్ళకు నువ్వు పెట్టే షరతులన్నీ వీడెప్పుడు నేర్చుకున్నాడో."

"దాని గుణం అది. నేనేం చేసేది?"

"గుట్ట ఒకటే అయితే ఇల్లూ ఒకటే గదా. విడగొట్టి అన్ని మూలలా పెట్టు. అందరినీ బయటికి తీసి, ఒకేసారి పంపు."

"ఈశాన్యంలో బరువా?"

"నీ వాస్తుకు అది పస్తుంటా ఉండాది."

ఓబళప్ప లేచాడు. తొట్టి దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. చిన్నక్క పొట్ట లోపలికి పీక్కుపోయింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, శాస్త్రానికి నీళ్ళొదిలి, నీళ్ళలోకి చేతులొదిలాడు.

చేపల్ని తొట్టినీళ్ళతోనే నింపిన టబ్బుల్లోకి మార్చడానికి అరగంట పట్టింది. అందులో ఓనరు వాటా ఇరవై ఐదు నిమిషాలు. గుట్టను ఐదు కుప్పలు చేశాడు. ఐదో కుప్పను ఈశాన్యంలో పెట్టేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు తేటపడ్డాక ముందు నలుగురు అద్దెదారుల్నీ, వాళ్ళ వెనకే ఓనరునూ వదిలాడు.

ఓనరు సూటిగా నైరుతికి పోయింది. తన గుట్ట లేదు. ఇంకో చుట్టు చుట్టి వచ్చింది. అప్పుడూ లేదు. పొద్దున తాళం వేసి వెళ్ళిన ఇల్లు సాయంత్రానికి వీధితో సహా మాయమైన మనిషిలా తిరుగుతుంటే, ఎవరిని తరమాలో దానికే తోచలేదు. దారిలో ఒకరిద్దరిని గదిమింది గానీ, అందులో అధికారం కంటే అలవాటే ఎక్కువ.

ఓబళప్ప ఎండిన సముద్రపు నాచు ముక్కను క్లిప్పుకు తగిలించి లోపలికి వేలాడదీశాడు. మోటారు వెనకనుంచి మూడూ వచ్చాయి. చాలాసేపటికి ఈశాన్యపు రాతి బొరియలోంచి ఒక పసుపు మూతి తొంగిచూసింది. చిన్నక్క వచ్చి ఒక్క కొరుకు కొరికి దాక్కుంది. మళ్ళీ వచ్చింది. ఈసారి దాక్కోలేదు.

"తింటా ఉండాదే" అన్నాడు ఓబళప్ప మెల్లగా, గట్టిగా అంటే మానేస్తుందేమోనని.

స్నానం చేసి వచ్చేసరికి హాల్లో నైరుతి మూలన ఇరవై రెండేళ్ళుగా ఉన్న ఆయన కుర్చీ తొట్టి పక్కకు చేరి ఉంది. పాత మూలలో సుశీల ఇంకో కుర్చీ వేసుకుని, టీవీ రిమోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇదేంది సుశీలా?"

"రాళ్ళు మార్చినాం గదా."

ఓబళప్ప హాలంతా ఒక చుట్టు చుట్టాడు. పాత మూలకేసి ఒకసారి చూశాడు. ఎవరిని గదమాలో తోచక కొత్త చోట కూర్చున్నాడు.

"ఉప్మా ఇక్కడికే వస్తాదా?" అని అడిగాడు.