పిండి అంటే ఏ పిండి

బేకరీ కోడలు వెనక గదిలోకి వచ్చేసరికి బన్నుల కోసం ఈస్టు వేసి కలిపిన పిండి తొట్టెలో సగానికి సగం లేదు. పక్కనే బొద్దు కూర్చుని మూతి నాక్కుంటోంది. ఆ కుక్క తిండి సంగతి కొత్తేమీ కాదు, పెట్టినవాళ్లు అలిసిపోవాలే గానీ అది అలవదు. కానీ చెముడున్న అత్తగారికి చెవులు అదే. ఎవరు తలుపు తట్టినా వెళ్లి ఆవిడ కొంగు పట్టుకుని లాగుతుంది. దానికేమన్నా అయితే ఆవిడ నోరు లేనిదానిలా ఓ మూల కూర్చుండిపోతుంది.

మొగుడు కొట్లకి సరుకు వెయ్యడానికి వెళ్లాడు. కోడలే పశువుల డాక్టరుకి ఫోన్ చేసి, కుక్క పిండి తినేసిందని చెప్పింది. బేకరీలో పొడిదాన్ని మైదా అంటారు, కలిపిందే పిండి. ఆయనకది తెలీదు, పొడిపిండి అనుకున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఏ పిండి అని అడక్కుండానే నీళ్లు తాగించి వెచ్చగా పడుకోబెట్టమన్నాడు.

కోడలు అక్షరాలా అలాగే చేసింది. గిన్నెడు నీళ్లు తాగించి, పొయ్యి పక్కన గోనె పరిచి పడుకోబెట్టింది. అత్తగారు కంగారు పడుతుంటే, భయం లేదు, డాక్టరు చెప్పాడని చెవిలో అరిచి మరీ ధైర్యం చెప్పింది.

కాసేపటికి బొద్దు పొట్ట బిగిసింది. వాంతికి డొక్కలెగరేస్తోంది గానీ ఏమీ రావడం లేదు. లేచి నాలుగడుగులు వేసి తాగినవాడిలా తూలింది. అదే పొయ్యి పక్కన రెండో తొట్టెలో పిండి గుడ్డను పైకెత్తుకుంటూ పొంగుతోంది. అది చూశాక గానీ తను చేసిందేమిటో కోడలికి తట్టలేదు. వెచ్చదనానికి పిండి పొంగుతుందని పొద్దున్న లేస్తే పదిమందికి చెప్పే మనిషి తను.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు పొట్ట నొక్కి చూసి మొహం మార్చాడు.

"పిండి అన్నారు కదమ్మా?"

"మేం దీన్నే పిండి అంటామండీ."

ఈస్టు పిండి తింటే ఇంట్లో ఏ వైద్యమూ చెయ్యకుండా వెంటనే తీసుకురావాలనీ, కడుపులో పొంగడమే కాక సారాలా కూడా ఎక్కుతుందనీ ఆయన మెల్లగా చెప్పి, ప్రయత్నిస్తాను, మాట మాత్రం ఇవ్వలేనని కుక్కను లోపలికి తీసుకెళ్లాడు.

బయట బెంచీ మీద అత్తగారు కొంగు నలుపుతూ కూర్చుంది. కోడలు పక్కన చేరి, చిన్న గొంతుతో చెప్పింది.

"తప్పు నాదే అత్తయ్యా. దాన్ని పొయ్యి దగ్గర పడుకోబెట్టింది నేనే."

అత్తగారు పెదాలకేసి చూసి, తనకు తోచినట్టు అర్థం చేసుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు దగ్గరున్నావు కాబట్టి సరిపోయింది తల్లీ. నేనొక్కదాన్నే ఉంటే దాన్ని చంపేసుకునేదాన్ని."

చుట్టూ జనం చూస్తున్నారు. ఊరుకుంటే ఎవరికీ తెలీదు. కోడలు ఆ చెయ్యి వదలకుండా ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఈసారి అదే మాట అరిచి చెప్పింది.