ఎడమచేతి శభాష్

కచేరీకి పావుగంట ముందు వెల్డరు తన అక్కను పలకరిద్దామని వేదిక వెనకున్న గది దగ్గరికి వెళ్లాడు. అక్కను చూసి రెండేళ్లయింది. తలుపు తట్టబోతుంటే లోపల ఫెడేలుమని చెంపదెబ్బ వినిపించింది. వెంటనే కుర్చీ పడిన చప్పుడు. ఆ తర్వాత శ్రుతిపెట్టె రొద తప్ప ఏమీ లేదు.

తలుపు తీసుకుని బావ బయటికొచ్చాడు. ఒంటిమీద పట్టు జుబ్బా, మొహం నిండా నవ్వు.

"ఓహో, బావమరిదీ! దారితప్పి వచ్చావా? వెళ్లి కూర్చో. మీ అక్క శ్రుతి చేసుకుంటోంది, ఇప్పుడు కదిలించకు."

"ఆ చప్పుడేంటి బావా?"

"కుర్చీ. కాలు తగిలి పడింది."

బావ భుజం పక్కనుంచి చూస్తే అక్క అటు తిరిగి వయొలిన్ బిరడాలు బిగిస్తోంది. తమ్ముడి గొంతు విన్నా ఇటు తిరగలేదు.

చిన్నప్పుడు వాళ్లింట్లో సంగీతమూ దెబ్బలూ ఒక్క కంచంలో తిన్నాయి. నాన్న వయొలిన్ పాఠాలు చెప్పేవాడు. స్వరం తప్పితే కమాను తిరగేసి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఏడేళ్ల వయసులో అక్క చూపుడువేలి గోరు అలాగే ఊడింది. వెల్డరుకి తొమ్మిదో ఏట చెవిమీద పడిన దెబ్బకు నెత్తురు కారింది. ఆ చెవి ఇప్పటికీ సగమే వినిపిస్తుంది. "వీడికి చెవుల్లేవు" అని తర్వాత నాన్నే తేల్చేశాడు, అది ఎవరి చేతి చలవో మరిచిపోయి. పన్నెండేళ్లకే వాడు ఇల్లు వదిలి ఓ షెడ్డులో చేరి ఇనుము అతకడం నేర్చుకున్నాడు. అక్క మాత్రం కిక్కురుమనకుండా వయొలిన్ నేర్చుకుంది. నాన్న పోయే ముందు తన శిష్యుల్లో గట్టి గొంతున్నవాడికిచ్చి ఆమె పెళ్లి చేశాడు.

హాలు నిండిపోయింది. వెల్డరుకి మూడో వరసలో చోటు దొరికింది. పక్కన ఓ పెద్దావిడ, బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారట, ఒళ్లో తాళం వేసుకుంటూ కూర్చున్నారు.

"వయొలిన్ వాయించేది మా అక్కండీ" అన్నాడు, చెప్పకుండా ఉండలేక.

"అదృష్టవంతుడివి బాబూ. ఆ చేతిలో తేనె ఉంది."

మొదటి రెండు పాటలూ సాఫీగా గడిచాయి. మూడోదాంట్లో బావ స్వరాలు అందుకున్నాడు. ఆయన ఓ వరస పాడితే అక్క అదే వరస వయొలిన్ మీద తిరిగి ఇవ్వాలి. వేగం పెరిగింది. ఒకచోట ఆయన తాళానికి అర క్షణం వెనక వచ్చి వాలాడు. పెద్దావిడ నొసలు ముడిపడింది. అక్క అదే వరస వాయించి, వాలాల్సిన చోట సరిగ్గా వాలింది. హాలంతా "ఆహా!" అంది.

బావ నవ్వుతూ తల ఊపాడు. కుడిచెయ్యి తాళం వేస్తూనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం శభాష్ అన్నట్టు పక్కకు చాచి, వయొలిన్ కింద ఆమె చాపుకున్న పాదం మీద దబ్‌మని వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెల్డరు కొట్టలేదు. ఇనుములో వెంట్రుకవాసి పగులును కంటితో పట్టే మనిషి వాడు. ఆ చెయ్యి వెంటనే లేవలేదని, బొటనవేలు చీలమండ ఎముక పక్కన దిగబడి తిరిగిందని చూశాడు. అక్క పంటిబిగువున వాయిస్తోంది.

ఇంకో వరస. ఇంకో శభాష్. ఈసారి పిడికిలి. మూడోసారి వయొలిన్ పాదం మీంచి జారి, కమాను తీగ మీద కీచుమంది.

"మా ఆవిడకి నా పాట వింటే ఒళ్లు తెలీదు" అన్నాడు బావ మైకులో. హాలు గొల్లుమంది.

ఆ నవ్వు ఆగకముందే వెల్డరు వేదిక ఎక్కేశాడు. బావ ఎడమచెయ్యి దొరకబుచ్చుకుని మణికట్టు దగ్గర మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడును మైకు చివరి వరస దాకా మోసింది. బావ అరుస్తూ కుడిచేత్తో పక్కనున్న ఇత్తడి చెంబు ఎత్తి వాడి నుదుటి మీద మోదాడు. నెత్తురు కళ్లలోకి కారింది. మృదంగం దొర్లిపోయింది, మృదంగం ఆయన దాని వెనకే పరుగెత్తాడు. వెల్డరు బావ గుండెల మీద కూర్చుని కొట్టాడు. మూతి పగిలినా ఆపలేదు, పన్ను ఊడి పడినా ఆపలేదు. కింది మనిషి చేతులు అడ్డం పెట్టడం మానేశాక కూడా కొడుతూనే ఉన్నాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, వాడికి హాయిగా ఉంది.

వీపు మీద చురుక్కుమంది. మళ్లీ చురుక్కుమంది. మూడో దెబ్బకు కమాను విరిగింది.

"చాలు! చచ్చిపోతాడురా! చాలు!"

వాడు తిరిగి చూశాడు. విరిగిన కమాను ఎత్తిపట్టుకుని అక్క నిలబడి ఉంది.

"నిన్ను కొట్టాడక్కా."

"నాకు తెలీదా? అప్పుడు నాన్న, తర్వాత ఈయన, ఇప్పుడు నువ్వు! మీకందరికీ నేను వాయించే చోటే దొరికిందా కొట్టుకోడానికి?"

వాడు బావ మీదనుంచి దిగి పక్కన కూలబడ్డాడు.

పోలీసులు వచ్చేసరికి మనుషులు సగం మంది జారుకున్నారు. మిగిలినవాళ్లు ఏం చూశారని అడిగితే నేలచూపులు చూశారు. పెద్దావిడ ఒక్కరే, "పాదం మీద కొట్టాడు. ఎంతబాగా మెచ్చుకుంటున్నాడో అనుకున్నా. నేనూ చప్పట్లు కొట్టాను" అని మొహం కప్పుకున్నారు.

అక్క కుంటుకుంటూ ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి చీర కుచ్చెళ్లు కొంచెం పైకెత్తింది. చీలమండ నల్లగా కమిలి, బూరెలా ఉబ్బి ఉంది.

"రాసుకోండి. ఇది ఇప్పటిది. చెంప మీదది కచేరీకి ముందుది. పాతవి స్టేషన్లో చెబుతాను. మా తమ్ముడు కొట్టింది కూడా రాసుకోండి. ఏదీ వదలొద్దు."

వెల్డరుకి ఎనిమిది నెలలు శిక్ష పడింది. బావ బతికాడు, ఆయన మీద కేసు నడుస్తోంది. అక్క ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. టైలరు షాపు పైన ఒక గది తీసుకుని పిల్లలకు వయొలిన్ నేర్పుతోంది.

రెండో నెలలో జైలుకు వచ్చింది. కటకటాల అవతల నిలబడింది.

"నీ మీద కోపం ఇంకా పోలేదురా."

"పోయినప్పుడే చెప్పక్కా."

ఆమె కాసేపు వాడి నుదుటి మచ్చ వంక చూసింది.

"తిండి సరిగ్గా పెడుతున్నారా?" అని అడిగింది.