అవ్వ చేతి చెంబు

మా అవ్వ, అంటే మా అమ్మ ఈరవ్వ, మంత్రసాని. ఆమెకు అక్షరం రాదు. బోధన్ దగ్గరి మా చెరుకు పల్లెకు ఫాదర్ నిజామాబాద్ నుంచి నెలకొక్కసారి వచ్చేవారు. అందుకని, పుట్టిన బిడ్డ బతకదనిపిస్తే నెత్తిన నీళ్లు పోసి, తండ్రి, కుమార, పవిత్రాత్మ పేర జ్ఞానస్నానం ఇవ్వడం ఫాదర్ లేనప్పుడు ప్రార్థనలు నడిపే ముసలి ఉపదేశి ఆమెకు నేర్పాడు. ముప్పై ఏళ్లలో పదకొండు మందికి ఇచ్చింది.

1966లో మా వదినకు ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ పిల్లికూనంత ఉంది. అవ్వ చెంబు తీసింది. మా అన్న లింగం అడ్డం నిలబడ్డాడు. ఏడాదిగా అతను మా ఫాదర్ గుడి మానేసి వేరే ప్రార్థన కూటానికి పోతున్నాడు.

"నమ్మినోనికే బాప్తిస్మం. పసిబిడ్డకు ఇయ్యాలని పుస్తకంల యాడున్నదే అవ్వా?"

"ఉపదేశి తాత జెప్పిండు రా."

"తాత జెప్తే అయిపాయెనా? నీ బీయే కొడుకు ఉన్నడు గద, సూపియ్యమను. సూపిస్తే నేనే పోస్త నీళ్లు."

అవ్వ నా వైపు తిరిగింది. "సూడు బిడ్డా, జల్ది."

మా ఇంట్లో కాలేజీ మొహం చూసింది నేనొక్కణ్ణే. బైబిలు ముందేసుకుని కూర్చున్నాను. అపొస్తలుల కార్యాల్లో ఇంటివాళ్లందరూ జ్ఞానస్నానం పొందారని ఉంది. పసిపిల్లలని లేదు. మళ్లీ మొదటినుంచి తిప్పాను. లోపల వదిన మూలుగుతోంది. బయట ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల చప్పుడు.

"ఉన్నదా?"

అబద్ధమాడొద్దని నాకు నేర్పింది ఆమే. "సాఫుగా రాసి లేదు అవ్వా."

ఆమె చెంబు కింద పెట్టింది. నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. పొద్దుగూకక ముందే బిడ్డ పోయింది.

ఆదివారం నిజామాబాద్ పోయి ఫాదర్‌ను అడిగాను.

"మనకు అందింది పుస్తకం ఒక్కటే కాదయ్యా. అపొస్తలులు నోటితో చెప్పింది, చేసి చూపింది కూడా సంఘంలో ఒకరి నుంచి ఒకరికి వచ్చింది. అదే పవిత్ర సంప్రదాయం. పసిబిడ్డల జ్ఞానస్నానం అట్లా వచ్చిందే. మీ అమ్మ ఇన్నేళ్లు చేసింది సరి. ఆ బిడ్డను దేవుని దయకు అప్పగించు."

ఇంటికొచ్చి అంతా అవ్వకు చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విన్నది.

"గప్పుడు లేదంటివి గద."

"రాసి లేదన్న అవ్వా. నువ్వు జేసిందే సరైందంట."

"మరి యాడున్నదో సూపియ్యి."



మరుసటి వారం ఊళ్లోనే నాగవ్వ ఇంట్లో కాన్పుకు పిలిచారు. అవ్వ ఒట్టి చేతులతో బయలుదేరింది. చెంబు పట్టుకుని వాకిలి దాకా వెంట పోయాను. ఆమె తీసుకోలేదు.