వదిన ఎంచిన సబ్జెక్టు

అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసులో ఆడపడుచుకు సీటు వచ్చిందని స్కూలు నుంచి ఫోనుకు కబురు రాగానే, కొత్త కోడలు ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద అలాగే వదిలేసి గంతేసింది.

భర్త వచ్చి ప్లగ్గు పీకి, "కాలరు పోతే పోయింది గానీ, పరీక్ష రాసింది నా చెల్లెలా, నువ్వా?" అన్నాడు.

పెళ్లై రెండు నెలలే. ఆ ఇంట్లో ఆమెకు అన్నీ ముద్దే. ఒకే గ్లాసులో సర్దుకున్న మూడు బ్రష్షులు, గొళ్లెం వేసినప్పుడల్లా మూలిగే తలుపు, అన్నీ. అన్నిటికన్నా ముద్దు ఈ ఆడపడుచు. నోరు మెదపని పిల్ల కనకే అన్న వేళాకోళానికి పిడుగని పేరు పెట్టాడు. భర్త పని నుంచి వచ్చేదాకా పొద్దుపోక, సాయంత్రాలు ఆ పిడుగును పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేది. లెక్కలంటే తనకు ప్రాణం. పిల్ల కూడా చకచకా అందుకునేది. పై ఏడాదికి ఒకే అడ్వాన్స్‌డ్ సబ్జెక్టు ఎంచుకోమన్నప్పుడు ఇంకేం ఆలోచించకుండా లెక్కలే అని వదినే తేల్చేసింది.

బిస్కెట్ల ప్లేటుతో గదిలోకి వెళ్లేసరికి పిడుగు కిటికీ దగ్గర నిలబడి ఉంది. పెదవులు నవ్వాయి గానీ కళ్లు నవ్వలేదు.

"సీటొచ్చేసిందిగా వదినా. ఇక రోజూ నా పక్కన కూర్చోవేమో."

"అదేంటే, లెక్కలంటే నీకిష్టమేగా?"

పిల్ల బిస్కెట్టు తుంచింది. తినలేదు. "నీకిష్టం కదా అని."

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. పిడుగుకు పశువుల డాక్టరు కావాలని ఉంది. ఆ కాలేజీ వాళ్లు అడ్వాన్స్‌డ్ జీవశాస్త్రం చదివిన వాళ్లనే చేర్చుకుంటారట. ఆ మాట ఒకసారి ఎత్తబోయింది కూడా. వదినకు గుర్తొచ్చింది. "కప్పల్ని కోస్తూ కూర్చుంటావా?" అని పగలబడి నవ్వింది తనే. పిల్ల కూడా నవ్వేసి పెన్సిలు అందుకుంది. కొత్తింట్లో తనకో తోడు దొరికిందని మురిసిపోయిందే తప్ప, ఆ తోడు ఏం వదులుకుని పక్కన కూర్చుందో ఒక్కనాడైనా అడిగిందా?

గుమ్మంలో నిలబడి విన్న భర్త మాత్రం, వచ్చిన సీటు వదులుకోవడం దేనికి, లెక్కలు ఎక్కడికెళ్లినా పనికొస్తాయి కదా అన్నాడు. సబ్జెక్టు మార్చుకోవడానికి రేపొక్కరోజే గడువు. జీవశాస్త్రంలో ఖాళీ ఉందో లేదో తెలియదు. ఇది వదిలేశాక అది దొరక్కపోతే రెంటికీ చెడుతుంది.

పిడుగు తల దించుకుంది. "ఉండనీ వదినా. లెక్కలు కష్టమేం కాదు."

ఆ సర్దుబాటు మాటే వదినను ఎక్కువగా కోసింది. ప్లేటు పక్కన పెట్టి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"సాయంత్రాలు నీ పక్కన కూర్చోడానికి నాకు లెక్కలే అక్కర్లేదే పిచ్చిదానా. రేపు స్కూలు తలుపులు తీసేసరికి ఇద్దరం అక్కడుందాం. ముందు జీవశాస్త్రం టీచరును ఖాళీ ఉందా అని అడుగుదాం. లెక్కలని తొందరపెట్టింది నేనేనని నేను చెప్తాను. మార్చమని మాత్రం నువ్వే, నీ నోటితోనే అడగాలి."