గీత మీదికి దిగని చుక్క

నేలమాళిగలో బాయిలర్ గది పక్కన ఉండేది ఆ ప్రయోగశాల. వేడెక్కిన టేపు వాసన, మాడిన కాఫీ వాసన కలిసిపోయి ఉండేవి. ఇన్నేళ్లయినా మెర్ల్ స్టాఫర్‌కి ఆ రోజులు తలపుకొస్తే ముందు తగిలేది ఆ వాసనే.

ఇండియానా రాష్ట్రంలో సున్నపురాయి గనుల మీద బతికే ఊరది. మెర్ల్ అక్కడ మానసిక శాస్త్రంలో పరిశోధన చేస్తుండేవాడు. పని చెప్పుకోడానికి చిన్నదే. మనుషులకు టేపు మీద కొన్ని మాటలు వినిపించడం, గుర్తొచ్చినవాటిని గుర్తొచ్చిన వరసలో చెప్పించుకోవడం, ఏ మాట వెనక ఏ మాట వస్తుందో లెక్క కట్టడం.

అతను పాడి ఆవుల మధ్య పెరిగాడు. సాయంత్రం కొట్టంలోకి వచ్చేటప్పుడు ఏ ఆవు వెనకైనా వచ్చేది దాని పక్కన మేసినదే. మాటలూ అంతే అనిపించింది. ఒక మాట నోటికొస్తే జాబితాలో తన పక్కదాన్ని వెంట లాక్కొస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చెప్పేదే అతని సమీకరణం.

గ్రాఫు కాగితం మీద సమీకరణం ఒక గీత, మాటలన్నీ చుక్కలు. చుక్కలన్నీ గీతను అంటిపెట్టుకుని ఉన్నాయి, ఒక్కటి తప్ప. 'బేరిపండు' అనే మాట లెక్కకు మించి జనానికి గుర్తుంటోంది. జాబితాలో ఎక్కడ పెట్టినా అంతే.

"నీకు పట్టా ఇచ్చే కమిటీవాళ్లు ఆ చుక్కనే చూస్తారు, గీతను చూడరు," అన్నాడు అతని పరిశోధన చూసే ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్. "ఏప్రిల్‌లోగా దాన్ని కిందికి దించు. లేకపోతే మీ నాన్న దగ్గరికెళ్లి పాలు పిండుకో. నేను చేసేదేం లేదు."

ఆ మాటలో ఎన్ని అక్షరాలున్నాయి, పత్రికల్లో ఎంత తరచుగా వస్తుంది, అన్నీ చూశారు. టేపు మీద దాన్ని పలికిన మనిషి వైపు మాత్రం ఎవరూ చూడలేదు. ఆ గొంతులో ఏ భావమూ లేదని ముందే తేల్చుకుని ఎంచుకున్నది వాళ్లే మరి.

ఆ గొంతు వెర్నా టోలివర్‌ది. విభాగంలో టైపిస్టు, గనిలో పనిచేసి చనిపోయినవాడి భార్య. తాళం కొట్టే మెట్రోనోమ్ టిక్కుమన్నప్పుడల్లా ఒక మాట, ఎత్తూ పల్లం లేకుండా. కూరగాయల కొట్లో ధరలు చదివేవాళ్లయినా కాస్త రాగం తీస్తారు. ఆమెకు అదీ లేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం లెక్కలతో విసిగి, మెర్ల్ కాగితాలు పక్కకు నెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. జబ్బు చేసిన ఆవు దగ్గర వాళ్ల నాన్న అలాగే కూర్చునేవాడు. తాడు. కిటికీ. గొర్రె. ఆ తరవాత, టిక్కుకు కాస్త ముందు, చిన్న ఊపిరి. బేరిపండు.

టేపు వెనక్కి తిప్పాడు. ఇంకో టేపు పెట్టాడు. ఆ మాట ముందు ప్రతిసారీ అదే ఊపిరి.

వెర్నాని కిందికి పిలిచాడు.

"ఏం నాయనా, మళ్లీ దగ్గు పడిందా అందులో?"

"లేదండీ. ఒకసారి వినండి."

ఆమె జుట్టు చెదరకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని మొహం చిట్లించింది. "అబ్బే, ఇంత కప్పగొంతా నాది! మా ఆయన ఎలా కాపురం చేశాడో పాపం."

"బేరిపండు దగ్గర చూడండి."

ఆమె విన్నది. మళ్లీ వేయమంది. హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా పెరట్లో చెట్టుండేది," అంది. "గని పెంచుతామని కంపెనీవాళ్లు ఇల్లూ చెట్టూ కలిపి తీసుకున్నారు. అప్పుడది నిండా కాయ మీదుంది. పండేదాకా ఆగండయ్యా అన్నాను. నవ్వారు." హెడ్‌ఫోన్ తీగ చుడుతూ, "నేనిట్లా చదువుతున్నానని నాకే తెలీదబ్బాయ్," అంది.

"మీ తప్పేం లేదండీ."

"తప్పు లేకపోతే ఇన్ని మెట్లు ఎందుకు దింపావు? ఆ మిషను పెట్టు. మళ్లీ చదివిపెడతా. ఈసారి పెనంలాగా చదునుగా చదువుతా చూడు."

టేపు ఖరీదైన సరుకు ఆ రోజుల్లో. పాతదాని మీదే కొత్తది ఎక్కించడం అక్కడి అలవాటు. మెర్ల్ మరో ఆలోచన లేకుండా రికార్డు చేసే ఎర్ర మీట నొక్కాడు. ఆమె ఆ వారమంతా సాయంత్రాలు కూర్చుని టేపులన్నిటి మీదా మళ్లీ చదివింది.

కొత్తగా మనుషుల్ని పిలిచి వినిపించారు. చుక్క దిగి గీత మీద కూర్చుంది.

"చూశావా, మొండిగిత్త దారికొచ్చింది!" అని ప్రొఫెసర్ వీపు చరిచాడు. మెర్ల్ గ్రాఫు పట్టుకుని పైకి పరిగెత్తాడు.

వెర్నా టైపు ఆపకుండానే అడిగింది. "దిగిందా?"

"దిగిందండీ! కమిటీకి పంపేస్తున్నారు."

"మరి బేరిపండు ఎంతమంది చెప్పారు?"

"మిగతా మాటలెంతో అదీ అంతే."

ఆమె వేళ్లు ఆగాయి. "అంతేనా?" అంది. మళ్లీ కాగితం సర్దుకుంటూ, "పోన్లే, నీ పని అయింది. అదేగా కావాల్సింది," అంది.

మెర్ల్ కిందికొచ్చాడు. ఒక టేపు తగిలించి కళ్లు మూసుకున్నాడు. తాడు, కిటికీ, గొర్రె, బేరిపండు, వంతెన. టిక్కు ఎంత సమంగా ఉందో గొంతూ అంత సమంగా ఉంది. ఎక్కడైనా ఒక్కచోట ఆ పాత ఊపిరి చెరగకుండా మిగిలిందేమోనని ఇంకో టేపు వేశాడు, ఆ తరవాత ఇంకొకటి. బాయిలర్ గుర్రుమంటోంది. పైనుంచి వెర్నా టైపు చప్పుడు వినిపిస్తూనే ఉంది.