వరహాలమ్మ కట్టిన నడికట్టు

నేను ఒక నూలు చీరలో సగాన్ని. తక్కిన సగం ఏ మసిగుడ్డ అయిందో నాకు తెలియదు. ఉప్పాడ మగ్గం మీద పుట్టి, కాకినాడలో వరహాలమ్మ ఒంటి మీద ఏళ్ల తరబడి ఉతుకులు తిని మెత్తబడ్డాను. కూతురు కుసుమకు కవలలు పుట్టినప్పుడు ఆవిడ నన్ను నిలువునా చించి బాలింత నడుముకు చుట్టింది. కాన్పయ్యాక పొట్ట లోపలికి పోవాలంటే నడికట్టు కట్టి తీరాలని మా వైపు గట్టి నమ్మకం. చీరగా ఉన్నన్నాళ్లూ ఇంత పెద్ద పని నాకెవరూ అప్పగించలేదు. గర్వంతో ఉబ్బిపోయాను.

అయితే కుసుమది ఆపరేషన్ కాన్పు. బిగిస్తే కుట్లు లాగుతున్నాయని ఏడ్చేది. తల్లి మనసు కదా, వరహాలమ్మ ముడి వదులు చేసేది. పిల్లలకు బడికి వెళ్లే వయసొచ్చింది. కుసుమ పస్తులుండి ఒళ్లు తగ్గించుకుంది కూడా. పొట్ట మాత్రం ముందుకొచ్చి అలాగే ఉండిపోయింది.

ఒకరోజు బస్సులో ఎవరో ముసలావిడ లేచి నిలబడి, "కూర్చో తల్లీ, ఎన్నో నెల?" అని అడిగిందట. నిజం చెప్పడానికి నోరు రాక కుసుమ, "ఆరో నెలండి" అని కూర్చుందట. ఆ సిగ్గంతా ఇంటికొచ్చి తల్లి మీద కక్కింది.

"నువ్వు సరిగ్గా కట్టుంటే నాకీ గతి పట్టేదా?"

వరహాలమ్మ మారు మాట్లాడలేదు. బీరువాలో ఉన్న నేను అంతా విన్నాను. తప్పు ఆవిడదా, మెత్తబడిపోయిన నాదా? తేల్చుకోలేక మడతల్లోనే కుమిలిపోయాను.

చివరికి తల్లీకూతుళ్లు ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి బయల్దేరారు. వరహాలమ్మ నన్ను సంచిలో పెట్టుకుంది. డాక్టరమ్మ కుసుమను పడుకోబెట్టి తల కాస్త ఎత్తమంది. పొట్ట నడిమధ్య గట్టులా ఉబ్బింది.

"కవలల్ని మోసినప్పుడు ఇక్కడ కండరాలు విడిపోయాయి, చర్మం సాగిపోయింది. టమ్మీ టక్ అంటే ఆ కండరాలను దగ్గరికి లాగి కుట్టి, మిగిలిన చర్మం తీసేయడం. ఇది బరువు తగ్గడానికి చేసేది కాదమ్మా. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లను, బరువు నిలకడగా లేనివాళ్లను ఆగమంటాం. సిగరెట్లు తాగేవాళ్లకు, షుగరు అదుపులో లేనివాళ్లకు గాయం సరిగ్గా మానదు. మీకు మళ్లీ పిల్లలు..."

"వద్దండి. బరువు కూడా చాన్నాళ్లుగా ఒక్కలాగే ఉందండి."

"అయితే మీకు చేయొచ్చు. కానీ తుంటి నుంచి తుంటి దాకా మచ్చ ఉండిపోతుంది. కొన్నాళ్లు వంగి నడవాలి, బరువులెత్తకూడదు. రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలూ లేకపోలేదు. బాగా ఆలోచించుకుని చెప్పండి."

అప్పుడు వరహాలమ్మ నన్ను బయటికి తీసి బల్ల మీద పరిచింది. ఎన్ని కడుపులు కోసిందో ఏమో, ఆ డాక్టరమ్మ ఒక పాత చీర ముక్కను చూసి తెల్లబోయింది.

"ఈ గుడ్డేనండి నేను కట్టింది. పిల్ల ఏడుస్తుంటే చూళ్లేక వదులు చేసేసేనండి. దానివల్లే ఇలాగైపోయిందా అండి?"

"గుడ్డ కడితే నడుముకి కాస్త ఆసరా, అంతేనమ్మా. ఎంత బిగించినా విడిపోయిన కండరాలు అతుక్కోవు. ఇందులో మీ తప్పేం లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ నా నెత్తిన ఉన్న నేరాన్ని ఒక్క మాటతో కొట్టేశారు. కుసుమ తలెత్తలేకపోయింది. "నోటికొచ్చినట్టల్లా అనేశానే అమ్మా," అంటూ తల్లి చెయ్యి పట్టుకుంది.

వరహాలమ్మ ముఖంలో మాత్రం ఏ సంతోషమూ కనిపించలేదు.

"నాకూ పొట్ట ఇలాగే ఉందండి. ఈ పిల్ల పుట్టిన కాణ్ణించీ," అంది నెమ్మదిగా.

"మీరూ చేయించుకుంటారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, ఈ వయసులో నాకెందుకండీ. మా అమ్మ సరిగ్గా కట్టలేదని, ఆవిడ పోయేదాకా సాధించేనండి. ఆవిడా మారు మాట్లాడేది కాదండి. నేనిప్పుడు ఎవరి చెయ్యి పట్టుకోనండి?"